ఇల్లు ఊడ్చే రోబో: మన ఇంటికి ఏది సరిపోతుంది?

పిల్లలూ, ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒకసారి లేచి మీ ఇంట్లో చీపురు ఎక్కడుందో చూసి రండి. దొరికిందా? తలుపు వెనకో, వంటింటి మూలో ఉండి ఉంటుంది. వచ్చేవాళ్లకి ఎదురుగా కనబడేట్టు చీపురు పెట్టుకునే తెలుగు ఇళ్లు తక్కువ.

చీపురుతో చేసే పనిని ఊడవడం అంటాం. కొన్ని ఊళ్లలో చిమ్మడం అంటారు. తడిగుడ్డతో చేసేది తుడవడం. ఇక్కడ ఒక తికమక ఉంది. కొన్ని జిల్లాల్లో ఊడవడాన్నే తుడవడం అంటారు. అక్కడ రెండో పనిని “తడిగుడ్డ పెట్టడం” అంటారు. మీ ఇంట్లో ఎలా అంటే అలాగే అనండి, రెండూ మంచి తెలుగే. చీపుర్లు కూడా రెండు రకాలు. కొబ్బరి ఈనెలతో కట్టినది గట్టిగా ఉంటుంది, వాకిలికీ తడినేలకీ పనికొస్తుంది. కొండల్లో పెరిగే గడ్డితో కట్టినది మెత్తగా ఉంటుంది. దాన్ని కొండచీపురు అంటారు. అరకు వైపు కొండల నుంచి సంతలకి కట్టలు కట్టలుగా వస్తుంది. ఊడ్చిన చెత్తని చేటలోకి ఎత్తుతాం.

ఇప్పుడు యాంగాన్‌లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకుందాం. పాత భవనం, మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఇల్లు సన్నగా, ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉంటుంది. బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. దాని చివర క్లిప్పు. కింద ఎవరైనా పేపరో, ఉత్తరమో తగిలిస్తే పైకి లాగుకుంటారు. ముందు గదిలో నున్నటి పలకల నేల, పడకగదిలో టేకు చెక్క నేల. ఆ ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న, పదేళ్ల అమ్మాయి, ఆమె తమ్ముడు ఉంటారు. నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు. అయినా పొద్దున్నే లేచి ఇల్లంతా తనే ఊడుస్తుంది. ఇంకెవరు ఊడ్చినా ఆవిడకి నచ్చదు. నాన్న ఒక రోబో కొందామన్నాడు.

చదవండి. ఒకరు నాయనమ్మ మాటలు, ఒకరు అమ్మాయి మాటలు చదివితే బాగుంటుంది.

నాయనమ్మ: ఏటే అది, ఫోనులో? తాబేలులాగుంది.

అమ్మాయి: ఇల్లు ఊడ్చే రోబో, నాయనమ్మా. దానంతట అదే తిరుగుతుంది. తడిగుడ్డ కూడా పెడుతుంది.

నాయనమ్మ: మరి నేనేటి చెయ్యాలి?

అమ్మాయి: కూర్చోవాలి! నీ మోకాళ్లు నొప్పి కదా.

నాయనమ్మ: మా తాత ఈ ఊరి వీధులు ఊడ్చాడే. తెల్లారేసరికి ఆయన ఊడ్చిన వీధి అద్దంలాగుండేదట. నేను నా ఇల్లు ఊడ్చుకోలేనా?

అమ్మాయి: వీధులు ఊడ్చేవాడా? నాకెప్పుడూ చెప్పలేదే. మా స్నేహితులకి చెప్పొచ్చా?

నాయనమ్మ: ఎందుకు చెప్పకూడదే? దొంగతనం చేశాడేటి?

“ఏటి” అంటే “ఏమిటి”. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు వాళ్లు ఇలా మాట్లాడతారు. యాంగాన్‌లో ఈ మాట వినబడడం వింతేమీ కాదు. ఈ నగరాన్ని అప్పుడు రంగూన్ అనేవారు. మన పల్లెల్లో “రంగం” అనేవారు. “మా తాత రంగం వెళ్లాడు” అంటే బంగాళాఖాతం దాటి బర్మా వెళ్లాడని అర్థం. బ్రిటిష్ వాళ్ల కాలంలో కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలాది మంది స్టీమర్లెక్కి అలా వెళ్లారు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పని చేశారు, రిక్షాలు లాగారు, వీధులు ఊడ్చారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అక్కడ తెలుగువాళ్లని కొరంగీలు అనేవారు. కాకినాడ దగ్గరున్న కోరంగి అనే పాత రేవు పేరు అది. ఆ పేరుని వెక్కిరింతగా వాడినవాళ్లు కూడా ఉన్నారు. 1942లో యుద్ధం వచ్చినప్పుడు లక్షల మంది బర్మా విడిచి వెళ్లిపోయారు, చాలామంది అడవుల్లో నడిచి వెళ్లారు. ఉండిపోయినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడ తెలుగు మాట్లాడుతున్నారు.

కాబట్టి నాయనమ్మ చేతిలో చీపురు వట్టి చీపురు కాదు. అది లాక్కుని “కూర్చో” అంటే ఆవిడకి కష్టంగా ఉంటుంది. అలాగని మోకాళ్ల నొప్పితో రోజూ వంగనివ్వడం కూడా బాగుండదు. ఇప్పుడు ఏం చెయ్యాలి?

ముందు ఈ మర ఎలా పని చేస్తుందో చూద్దాం. 2001లో స్వీడన్ కంపెనీ ఎలెక్ట్రోలక్స్ ఇలాంటి రోబోని అమ్మకానికి తెచ్చింది. 2002లో అమెరికా కంపెనీ ఐరోబోట్ “రూంబా” తెచ్చింది. అది ఇంటింటికీ వెళ్లింది. మొదటి రూంబాకి ఇంటి పటం తెలీదు. గోడకి గుద్దుకుంటే పక్కకి తిరిగేది. మళ్లీ వెళ్లేది. మళ్లీ గుద్దుకునేది. చీమ తిరిగినట్టు తిరిగి తిరిగి చివరికి ఇల్లంతా ఊడ్చేది. ఇప్పటివి చాలావరకు ముందే పటం గీసుకుంటాయి. కొన్నింటికి నెత్తి మీద చిన్న బొడిపె ఉంటుంది. అందులో ఒక లేజర్ గిరగిరా తిరుగుతూ గోడలు ఎంత దూరంలో ఉన్నాయో కొలుస్తుంది. దానికి తన వెలుగు తనకే ఉంది కాబట్టి చీకట్లో కూడా పని చేస్తుంది. కొన్ని కెమెరాతో చూస్తాయి. వాటికి గదిలో వెలుతురు కావాలి. అడుగున ఇంకో రకం కళ్లుంటాయి. అవి మెట్టు అంచు రాగానే “కింద నేల లేదు” అని చెప్పి ఆపేస్తాయి. నల్లటి చాప పరిస్తే కొన్ని రోబోలు దాన్ని గొయ్యి అనుకుని ఆగిపోతాయి. నల్లరంగు ఆ కళ్ల వెలుగుని మింగేస్తుంది మరి.

దుకాణంలో పెద్ద పెద్ద అంకెలు చెబుతారు. ఇన్ని వేల పాస్కల్స్ అంటారు. అంటే గాలిని ఎంత గట్టిగా పీలుస్తుందో చెప్పే కొలత. దళసరి తివాచీలున్న ఇంటికి ఆ అంకె ముఖ్యం. పలకల నేల, చెక్క నేల ఉన్న ఇంటికి అంత అవసరం లేదు. నన్నడిగితే దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో స్కేలు పట్టుకుని తిరగడం మేలు.

అమ్మాయి అదే చేసింది. మంచం కింద ఖాళీ కొలిస్తే 9 సెంటీమీటర్లు వచ్చింది. నాన్నకి నచ్చిన రోబో ఎత్తు, లేజర్ బొడిపెతో కలిపి, దాదాపు 10 సెంటీమీటర్లు. దూరదు! దుమ్మంతా మంచం కిందే కదా ఉండేది. నాయనమ్మ “మంచం కోళ్ల కింద చెక్కలు పెట్టండి” అంది. తమ్ముడు “మంచం కింద కోళ్లున్నాయా?” అని వంగి చూశాడు. మంచం కాలుని “కోడు” అంటారు, చాలా ఉంటే “కోళ్లు”. కొక్కొరొకో అనే కోడికీ, దీనికీ సంబంధం లేదు.

తరవాత గడప. వంటింటి గడప ఎత్తు 4 సెంటీమీటర్లు. మామూలు రోబోలు 2 సెంటీమీటర్ల దాకా ఎక్కుతాయి. అంటే వంటింట్లోకి రోబోని ఎవరో ఒకరు ఎత్తి పెట్టాలి. వీధి గుమ్మం దగ్గర నాయనమ్మ రోజూ బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేస్తుంది. రోబోకి ముగ్గుకీ దుమ్ముకీ తేడా తెలీదు. పటం గీసుకునే రోబో అయితే ఫోనులో ఒక గీత గీసి “ఇక్కడికి రాకు” అని చెప్పొచ్చు. పటం లేని చవక రోబో అయితే అడ్డంగా ఒక పీట పెట్టాలి.

నీళ్ల సంగతి చెక్క నేలకి ముఖ్యం. టేకు గట్టి చెక్కే, కానీ రోజూ నీళ్లు నిలిస్తే పాలిష్ పోతుంది, సందుల్లోకి తేమ దిగుతుంది. అందుకని ఎన్ని నీళ్లు వదలాలో తగ్గించుకునే వీలుండాలి, పడకగదిలోకి వెళ్లే ముందు తడిగుడ్డని తీసేసే వీలుండాలి. యాంగాన్‌లో మే నుంచి అక్టోబర్ దాకా వానలే వానలు. ఆ నెలల్లో రోబో కింది తడిగుడ్డని అలాగే వదిలేస్తే ఒక్కరోజులో ముక్క వాసన వస్తుంది. తీసి, ఉతికి, ఆరెయ్యాలి. గుడ్డని తనే ఉతుక్కుని వేడిగాలితో ఆరబెట్టుకునే పెద్ద స్టాండ్లు కూడా అమ్ముతారు. కానీ వాటికి కరెంటు బాగా కావాలి.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఇప్పుడు యాంగాన్‌లో కరెంటు రోజంతా ఉండదు. పేటల వారీగా, వంతుల ప్రకారం, కొన్ని గంటలు ఇచ్చి కొన్ని గంటలు తీసేస్తారు. ఈ వారం వాళ్ల వంతు సాయంత్రం 5 నుంచి 9 అనుకుందాం. నాన్న లెక్క ఇది: కరెంటు ఉంటే వైఫై ఉంటుంది, వైఫై ఉంటే ఫోను నుంచి రోబోని నడపొచ్చు, కాబట్టి 6 గంటలకి ఊడిపించాలి.

నాయనమ్మ ఒప్పుకోలేదు. “దీపాలు పెట్టే వేళ ఇల్లు ఊడుస్తారేటి? లక్ష్మి వెళ్లిపోదూ!”

ఈ మాట మీ ఇళ్లలో కూడా విని ఉంటారు. పూర్వం నూనెదీపం గుడ్డి వెలుగులో ఊడిస్తే, నేలమీద పడిన చిన్న బంగారు వస్తువు చెత్తతో పాటు పోయేదని, అందుకే ఆ మాట పుట్టిందని కొందరు పెద్దలు చెబుతారు. రోబోకి కూడా అదే బుద్ధి. చెవికమ్మ శీల కనబడితే గుటుక్కున మింగేస్తుంది. దాని చెత్తపెట్టెని పారబోసే ముందు ఒకసారి కాగితం మీద గుమ్మరించి చూసుకోవాలి.

నాన్న, నాయనమ్మ ఇద్దరూ తగ్గలేదు. అప్పుడు అమ్మాయి అడిగింది: “నాన్నా, రోబో తిరిగేటప్పుడు వైరు ఉంటుందా?” ఉండదు కదా! రోబో బ్యాటరీతో తిరుగుతుంది. కరెంటు కావలసింది ఛార్జ్ చెయ్యడానికి మాత్రమే. చాలా రోబోలకి పూర్తి ఛార్జ్‌కి 4 నుంచి 6 గంటలు పడుతుంది. వాళ్ల ఇల్లు 600 చదరపు అడుగులు, అంటే సుమారు 56 చదరపు మీటర్లు. అంత ఇంటికి బ్యాటరీ సగానికి పైన నిండితే చాలు. సాయంత్రం ఛార్జ్ అవుతుంది, పొద్దున్న కరెంటు లేకపోయినా ఊడుస్తుంది. వైఫై ఉండదు కాబట్టి ఫోను పని చెయ్యదు. రోబో నెత్తి మీద బటన్ నొక్కాలి, అంతే. ఈ పని నాయనమ్మ చెయ్యగలదు.

దాంతో ఏం కొనాలో తేలిపోయింది. పటం గీసుకునేది కావాలి, కానీ కెమెరా వద్దు. 2022లో ఒక వార్త వచ్చింది. పరీక్ష కోసం కొన్ని ఇళ్లలో పెట్టిన రోబోలు తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లోకి వెళ్లిపోయాయి. ఇంట్లో మనం ఎలా ఉంటామో బయటివాళ్లకెందుకు? పెద్ద స్టాండు వద్దు. చెత్తని లాగేసే స్టాండ్లు ఆ కొన్ని సెకన్లలో చాలా కరెంటు లాగుతాయి, ఇంట్లో ఉన్న చిన్న ఇన్వర్టర్ తట్టుకోదు. ఫిల్టరు, పక్క బ్రష్షు, బ్యాటరీ ఊళ్లోనే దొరకాలి. దుకాణంలో వైఫై ఆపించి, బటన్ నొక్కి, తిరుగుతుందో లేదో చూసి మరీ కొనాలి.

రోబో గుండ్రంగా ఉంటుంది, మూలలు గుండ్రంగా ఉండవు. అందుకని మూలలూ, మెట్లూ, గుమ్మం ముందూ మిగిలిపోయాయి. “అవి నావి” అంది నాయనమ్మ. గడప దాటించి వంటింట్లో పెట్టే పని అమ్మాయిది. గుడ్డ ఉతకడం నాన్న పని. ఆ గుడ్డ రెండురోజులు నాన్న మర్చిపోయాడు, ఇల్లంతా ముక్క వాసన వచ్చింది.

మాటలు నేర్చుకుందాం

గడప: గుమ్మం కింద అడ్డంగా ఉండే చెక్క లేదా గట్టు.
చేట: చెత్త ఎత్తడానికి, బియ్యం చెరగడానికి వాడేది. రెండు పనులకీ ఒకే చేట వాడరు!
వంతు: ఒకరి తరవాత ఒకరికి వచ్చే అవకాశం. “ఇవాళ గిన్నెలు కడిగే వంతు నీది.”
ముక్క వాసన: తడిగుడ్డ సరిగ్గా ఆరకపోతే వచ్చే వాసన.

చేసి చూడండి

1. మీ మంచం కింద ఖాళీ, మీ ఇంట్లో అన్నిటికంటే ఎత్తయిన గడప కొలిచి సెంటీమీటర్లలో రాయండి. 10 సెంటీమీటర్ల ఎత్తు రోబో మీ ఇంట్లో ఎక్కడెక్కడికి వెళ్లలేదు?

2. నాన్న 6 గంటలకి ఎందుకు ఊడిపించాలనుకున్నాడు? నాయనమ్మ ఎందుకు వద్దంది? ఇద్దరి మాటలూ మీ సొంత మాటల్లో చెప్పండి.

3. “ఊడ్చు”, “తుడుచు”, “ఉతుకు”, “ఆరెయ్యి”: ఒక్కో మాటతో నిన్న మీ ఇంట్లో ఎవరు ఏ పని చేశారో రాయండి. ఉదాహరణ: నిన్న మా నాన్న బట్టలు ఆరేశాడు.

4. మీ అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్ చెయ్యండి. వాళ్ల తాతలు ఏ పని చేసేవారో, ఎక్కడికి వెళ్లి చేసేవారో అడగండి. వాళ్లు చెప్పిన మాటలు, వాళ్లు పలికినట్టే, ఐదు వాక్యాల్లో రాసి తీసుకురండి.