ఖాతా భద్రత పేరిట వచ్చు మోసలేఖలు

“మీ ఖాతాలోనికి గుర్తుతెలియని వ్యక్తి ప్రవేశించినాడు. 24 గంటలలో ధ్రువపరచనిచో ఖాతా నిలిపివేయబడును.” ఇట్టి ఈమెయిలు స్కాలర్‌షిప్పు సొమ్ము పడవలసిన దినములలో మన విద్యార్థికి వచ్చినదనుకొందము. భయముతో క్రింది బొత్తాము నొక్కును. బ్యాంకు పుటవంటిదే ఒక పుట తెరచుకొనును. అందులో రహస్యపదము వ్రాసిన క్షణమున అది దొంగ చేతికి చేరును. దొంగ వచ్చినాడని కేక వేసినవాడే దొంగ యన్నమాట.

దీనిని ఫిషింగ్ అందురు. గాలము వేసి చేపను పట్టుట అను భావమునుండి పుట్టిన ఈ పేరు 1990ల నడిమి కాలమున, అమెరికా ఆన్‌లైన్ సంస్థ ఖాతాదారుల రహస్యపదములు దొంగిలించిన వారి మూలమున వాడుకలోనికి వచ్చినది. మన దేశమున 2005లో ఇది ఢిల్లీ హైకోర్టు తీర్పునకెక్కినది. కొందరు నాస్కామ్ పేరు పెట్టుకొని ఈమెయిళ్లు పంపి, ఇతరుల సొంత వివరములు రాబట్టిరి. ప్రత్యేక చట్టము లేకున్నను ఇది చట్టవిరుద్ధమేనని న్యాయస్థానము పలికినది. ప్రతివాదులు 16 లక్షల రూపాయలు చెల్లించుటకు ఒప్పుకొనిరి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున 2008 సవరణ ద్వారా చేరిన 66డి సెక్షను, కంప్యూటరు సాధనముగా ఇతరుని వేషమున మోసగించు వారికి మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించుచున్నది.

చట్టము తరువాతి మాట. మైలార్‌దేవ్‌పల్లి, కాటేదాన్ బస్తీలలో అనేక కుటుంబములకు ఉన్నది ఒక్కటే మంచి ఫోను. దానిని చక్కగా నడుపువాడు కళాశాలకు వచ్చు పిల్లవాడు. అబ్బా జీతము, అమ్మీ గ్యాసు రాయితీ, చెల్లెలి ఫీజు అన్నియు దానిలోనే. పైగా ఈమెయిలు ఖాతా తాళపుచెవుల గుత్తివంటిది. ఏ ఖాతా రహస్యపదము మరచినను క్రొత్తదానికి దారి సాధారణముగా ఆ ఈమెయిలుకే వచ్చును గదా! కావున విద్యార్థి ఒక్కడు మోసపోయిన ఇల్లంతయు మోసపోవును.

మోసలేఖలో అక్షరదోషములుండునని పూర్వము చెప్పెడివారు. నేడు యంత్రములే నిర్దుష్టమైన భాష వ్రాయుచున్నవి గనుక ఆ గుర్తును నమ్మరాదు. పంపినవారి పేరును, చిరునామాను సైతము కల్పింపవచ్చును. తాళము బొమ్మ కనిపించుటయు ప్రమాణము కాదు. దొంగ పుటకును అది లభించును. చూడవలసినది వెబ్ చిరునామా. ఇందు మన ఉర్దూ విద్యార్థులకు ఒక సౌలభ్యము కలదు: మొదటి ఏటవాలు గీత వరకు ఉన్న భాగమును కుడినుండి ఎడమకు చదువవలెను! “బ్యాంకుపేరు.ఖాతారక్షణ.కామ్” అని యున్నచో దాని యజమాని బ్యాంకు కాదు, “ఖాతారక్షణ.కామ్” కొన్నవాడు. ఎడమవైపున ఎవరి పేరైనను తగిలించుకొనవచ్చును. మన దేశపు బ్యాంకులు తమ చిరునామాలను “.బ్యాంక్.ఇన్” అను కొనకు మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించి, ఆ యేటి అక్టోబరు 31ని గడువుగా నిర్ణయించినది. బ్యాంకులకు తప్ప ఇతరులకు ఆ కొన ఈయబడదు.

అయినను ఫోను చిన్న తెరపై ఇంత పరిశీలన అందరికిని సాధ్యము కాదని మే మెరుగుదుము. అంతకంటె సులభమైనది ఒకటున్నది. లేఖ చూపిన ద్వారమున పోరాదు. నిజముగా ఖాతాకు ప్రమాదమున్నదేమో యని సందేహము కలిగినచో, లేఖను మూసి, ఎప్పటివలె బ్యాంకు యాప్‌ను గాని, చిరునామాను స్వయముగా టైపుచేసి గాని తెరచి చూడవలెను. హెచ్చరిక నిజమైనచో అచ్చటను కనిపించును. ఫోను చేయవలసివచ్చిన కార్డు వెనుక ముద్రించిన సంఖ్యకే చేయవలెను, లేఖలోని సంఖ్యకు కాదు.

ఇక బొత్తాము నొక్కి రహస్యపదము ఇచ్చినవారి సంగతి. వెంటనే అసలు ఖాతా తెరచి రహస్యపదము మార్చవలెను; తెలియని ఫోనులను, కంప్యూటర్లను ఖాతానుండి తొలగించవలెను; రికవరీకై ఇచ్చిన ఫోను సంఖ్య తమదేనా యని చూడవలెను; రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొనవలెను. అదే రహస్యపదము మరెక్కడనైన వాడియున్నచో అచ్చటను మార్చవలెను. వచ్చిన లేఖను చెరిపివేయరాదు, అది సాక్ష్యము.

సొమ్ము పోయినచో మనవారిని ఎక్కువగా చెరచునది సిగ్గు. “చదువుకొన్నవాడివి, ఎట్లు మోసపోతివి?” అని అబ్బా అడుగునను భయముతో కుర్రవాడు రెండు దినములు నోరు మెదపడు. ఆ రెండు దినములే దొంగకు కావలసినవి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారము, ఖాతాదారు తానే రహస్యము చెప్పి మోసపోయినచో బ్యాంకుకు తెలుపువరకు జరిగిన నష్టము అతనిది. తెలిపిన తరువాత జరుగునది బ్యాంకుది. కావున ముందు బ్యాంకుకు, ఆ వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఇంటివారు కోపపడుదురేని తరువాత పడనిండు. ఫోను చేయువారు ఖాతా సంఖ్య, లావాదేవీ సంఖ్య, పోయిన మొత్తము, వేళ వ్రాసి దగ్గర ఉంచుకొనవలెను. సొమ్ము ఖాతానుండి ఖాతాకు మారుచు ఇంకను నగదు కాకమునుపే నడుమ ఏదో ఒక బ్యాంకులో దానిని నిలిపివేయించుటకు ఆ వివరములే ఆధారము.