సూరత్ తెలుగువారికి: హెచ్ఐవీ సోకకుండా వాడే మందు, మీ హక్కులు

వరంగల్, కరీంనగర్, నల్లగొండల నుంచి వచ్చి సాంచెల మీద బతికే తెలుగు కుటుంబాలు సూరత్ లింబాయత్‌లో ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. అందరికీ అందరూ తెలిసిన వాడల్లో ఈ మందు గురించి అడగాలంటేనే జంకు. అడగలేకపోయిన ప్రశ్నలకు జవాబులివి.

సోకకముందే వేసుకునే మాత్ర నిజంగా ఉందా?

ఉంది. ప్రెప్ అంటారు. టెనోఫొవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర, రోజుకొకటి. అమెరికా 2012లో దీన్ని అనుమతించింది. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. క్రమం తప్పకుండా వాడితే లైంగికంగా సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది. అయితే మొదలుపెట్టే ముందు హెచ్ఐవీ లేదని పరీక్షలో తేలాలి. మూత్రపిండాల పనితీరు, హెపటైటిస్ బి కూడా చూస్తారు. తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష. వైరస్ ఒంట్లో ఉందని తెలియక ఈ మాత్ర ఒక్కటే వాడితే, వైరస్ మందుకు లొంగకుండా తయారు కావచ్చు. అందుకే డాక్టరు చీటీ లేకుండా కొనకండి. సిఫిలిస్, గనేరియాలను ఇది ఆపదు, కండోమ్ మానొద్దు.

ముప్పు ముందే జరిగిపోతే?

అప్పుడు వాడే పెప్ అనే మందు ఉంది. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మేలు. 28 రోజులు వాడాలి. సూది గుచ్చుకున్నా, అత్యాచారం జరిగినా వెంటనే సూరత్ న్యూ సివిల్ ఆసుపత్రికి వెళ్లండి. కండోమ్ చిరిగినా అదే రోజు డాక్టరును కలవండి. ఆదివారమనో, సేఠ్ సెలవివ్వలేదనో ఆగొద్దు.

ప్రెప్ ఉచితంగా పొందే హక్కు ఉందా?

2017 హెచ్ఐవీ చట్టం ఆ హామీ ఇవ్వలేదు. ఉచితంగా ఇచ్చేది సోకినవారికి వాడే ఏఆర్‌టీ మందులు. రోజుకూలీ మీద బతికేవారికి ప్రెప్ కూడా ప్రభుత్వమే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. సోకకుండా ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కు జనరిక్ తయారుచేసే లైసెన్సు మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరోలకు ఉంది. ఆ మందు ముందుగా మన కార్మికుల చేతికే రావాలి.

సేఠ్‌కు తెలుస్తుందా? పరీక్ష చేయించుకుంటేనే పని అంటే?

అలా అడగడం చట్టవిరుద్ధం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న ఆ 2017 చట్టం ప్రకారం, ఉద్యోగానికి హెచ్ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 22వ సెక్షన్ ప్రకారం, మార్గదర్శకాలకు లోబడి ముప్పు తగ్గించే పద్ధతులు పాటించడం నేరం కాదు.

భర్త ఒప్పుకోకపోతే భార్య ప్రెప్ వాడవచ్చా?

పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఆమెదే. భర్త సంతకం అక్కర్లేదు.

వివక్ష చూపితే?

రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో, వైద్య అత్యవసరమైతే వీలైనంత త్వరగా, సాధ్యమైతే 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఏ సందేహమున్నా 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. మొహమాటపడకండి.