వేసవి విహారములను గూర్చి పెదనాన్న లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.  

నీ యుత్తరము చేరినది. ఏప్రిల్ 24 మొదలు జూన్ 11 వరకు బడికి సెలవులనియు, పంజాగుట్టలోని రెండుగదుల వాటాలో పిల్లలిద్దరిని అన్నినాళ్ళు కూర్చుండబెట్టుట బ్రహ్మతరము కాదనియు, పోయిన యేడు ఒక వినోదోద్యానమునకు ఒక్కపూట తీసికొనిపోయినందులకే ఆ నెల వెచ్చములన్నియు తారుమారైనవనియు వ్రాసి, స్వల్పవ్యయముతో పోదగిన తావులేవో తెలుపుమని కోరితివి. అమీర్‌పేటలో ఉద్యోగము చేసి, కోచింగు సెంటర్ల బోర్డుల నడుమ ఆకాశము వెదకికొనవలసిన ఆ వీధులలోనే పిల్లలను పెంచి, ఇప్పుడు ఖమ్మములో విశ్రాంతి గైకొనుచున్నవాడను గనుక, ఈ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు అధికారము కలదనియే తలంచెదను.

విహారములలో ధనము ప్రవేశద్వారము కడ వ్యయమగుటకంటె, వేళగానివేళ బయలుదేరుట వలనను, ఒట్టిచేతులతో బయలుదేరుట వలనను హెచ్చుగా వ్యయమగును. చార్మినారును, జంతుప్రదర్శనశాలను, గోలకొండను ఒక్కనాడే చుట్టివత్తమని సంకల్పించిన కుటుంబము మధ్యాహ్నము రెండుగంటలకు ఎండకు సోలి, ఆటోవాడు అడిగినంత యిచ్చి, కంటబడిన మొదటి చల్లని హోటలులో దూరి, తినునదానికంటె విడుచునది యెక్కువయై, సాయంకాలమునకు ఏమి చూచినదియు జ్ఞప్తిలేక ఇల్లు చేరును. కావున ఒక్కనాటికి ఒక్క తావు మాత్రమే యని నియమము చేసికొనుము. ఆరుబయలి తావులకు తెల్లవారగనే, గోడలు కప్పులు గల తావులకు పట్టపగలు, నీటియొడ్డునకు ప్రొద్దువాలిన పిదప పోవలయును. రోహిణికార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు ఊరక అనలేదు.

ప్రయాణవ్యయమన్నచో, ఆ భారము నీకు సగము తీరినట్లే. 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకమున తెలంగాణ స్త్రీలకు, బాలికలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణము ఉచితమైనది గదా. నీకును అమ్మాయికిని జీరో టికెట్టే. తెలంగాణ చిరునామా గల ఆధారుకార్డు చూపవలయును. పిల్లవానికి మాత్రము అరటికెట్టు కొనవలయును. చెల్లెలికి లేని ఖర్చు తనకేల యని వాడు అలిగినచో, డబ్బిచ్చి కొన్న ఆ టికెట్టును వాని చేతికే యిమ్ము. అలుక తీరి గర్వము కలుగును.

ఇక తావులలో నేను అగ్రస్థానమిచ్చునది సాలార్జంగు ప్రదర్శనశాలకు. పంజాగుట్టలో మెట్రో యెక్కినచో మధ్య నెచ్చటను మారనక్కరలేక మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగవచ్చును. అటనుండి మూసీతీరమున కొంతదూరము నడక. మూడవ సాలార్జంగు మీర్ యూసుఫ్ అలీఖాను తన యావజ్జీవితము సేకరించిన వస్తువులను, ఆయన 1949లో గతించిన పిమ్మట, 1951లో దివాన్ దేవిడీలో ప్రదర్శనకు పెట్టగా, నెహ్రూ ప్రారంభోత్సవము చేసెను. ఇప్పటి భవనమునకు 1968లో తరలించిరి. ఈ చరిత్రనంతయు పిల్లలకు చెప్పబోకుము, పారిపోదురు. వారిని తిన్నగా గడియారము కడకు తీసికొనిపొమ్ము. అందులో ఒక చిన్ని కమ్మరి క్షణక్షణమునకు సుత్తి వేయుచునే యుండును. గంట కొట్టుటకు మూడు నిమిషములు ముందుగా వేరొక గడ్డపువాడు తలుపు తెరచుకొని వచ్చి, వేళయైనంతనే ఎన్ని గంటలో అన్నిమారులు మ్రోగించి, వచ్చినదారినే లోపలికి పోవును. దాని యెదుట పెద్దలు పిన్నలు గుమిగూడి, ఊపిరి బిగబట్టి ఆ చిట్టిమనిషికై ఎదురుచూచుట ఆ భవనములోని వస్తువులన్నిటికంటెను చూడదగిన దృశ్యమని నా నమ్మకము. కనుక పండ్రెండు గంటల వేళకు అచ్చటనుండునట్లు చూచుకొనుము. పండ్రెండు దెబ్బలు లెక్కించు భాగ్యము దినమున కొక్కసారియే. అటుపిమ్మట అమ్మాయికి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కాను చూపి, ఆ పాలరాతిలో ముఖమెచ్చట ముగిసి మేలిముసుగెచ్చట మొదలైనదో చెప్పుమనుము. రెండుమూడు గదులు చూచి వెలువడుము. తక్కినవి వచ్చే యేటికి మిగులనిమ్ము. సర్వమును చూచి తీరవలెనను పట్టుదల పెద్దలదే గాని పిల్లలది కాదు.

రెండవది పబ్లిక్ గార్డెన్సు. పంజాగుట్ట దాటి నాలుగవ స్టేషనైన అసెంబ్లీలో దిగినచో ఆ తోట సమీపముననే యున్నది. అందలి పురావస్తు ప్రదర్శనశాలలో ఈజిప్టు దేశపు మమ్మీ యొకటి కలదు. ఏడవ నిజాము కాలమున మన నగరము చేరిన ఆ దేహము రెండువేల యేండ్లకు పైబడినదని చెప్పినచో మీవాడు ఆ రాత్రి నీ ప్రక్కనే పండుకొనును; అందులకు సిద్ధపడియే పొమ్ము. ఆ తోటలోనే జవహర్ బాలభవన్ ఉన్నది. వేసవిలో అచ్చట చిత్రలేఖనము, సంగీతము, నాట్యము మున్నగునవి నేర్పుదురు. అమ్మాయికి బొమ్మలు వేయుటయం దభిరుచి యున్నదంటివి గనుక, స్వయముగా పోయి రుసుమును, వేళలను విచారించుకొనుము. మీ వీధిచివర ప్రైవేటు శిబిరముల వారు పంచు రంగుల కరపత్రములను చూచి తొందరపడకుము.

సాయంకాలపు విహారమునకు హుస్సేన్‌సాగరమును మించినది లేదు. బేగంపేటలో ఎంఎంటీఎస్ రైలెక్కినచో, కనిష్ఠరుసుమైన 5 రూపాయలతో మరుసటి స్టేషనైన నెక్లెస్ రోడ్డులో దింపును. మెట్రో చల్లదనము దానికి లేదు గాని, కిటికీగాలి కలదు. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా పాలనమున హుస్సేన్ షావలీ త్రవ్వించిన చెరువది. నడుమనున్న బుద్ధవిగ్రహము భువనగిరి సమీపమందలి రాయగిరి రాతితో చెక్కబడినదనియు, 1990 మార్చిలో తెప్పపై తరలించుచుండగా నీట మునిగినదనియు, రెండేండ్లకు పైగా అడుగుననే యుండి 1992 డిసెంబరులో ప్రతిష్ఠింపబడినదనియు పిల్లలకు చెప్పుము. అంతటి విగ్రహము నీళ్ళలో నిట్లు మునిగియుండెనని వినినంతనే వారడుగు ప్రశ్నలతో ఇల్లు చేరువరకు నీకు తీరిక యుండదు. బోటుషికారు తప్పనిసరి గాదు; ఒడ్డున కూర్చుండుటకు ఎవరును రుసుము వసూలు చేయరు.

గోలకొండకు మాత్రము కోట తెరచువేళకే చేరవలయును. పురావస్తుశాఖ రక్షణలోని కట్టడము గనుక పదునైదేండ్లలోపు పిల్లలకు ప్రవేశరుసుము లేదు, చార్మినారుకును ఇంతే. ఫతేదర్వాజా కప్పుక్రింద పిల్లవానిచే చప్పట్లు కొట్టింపుము; ఆ ధ్వని కొండపైని బాలాహిస్సారునకు వినవచ్చుటకే ఆ కట్టడమును అట్లు కూర్చిరి. పదిగంటలు దాటిన పిదప మెట్లెక్కుట మానుము. కేబీఆర్ పార్కులో నెమళ్ళను చూడగోరినచో ఇంకను ముందు, ప్రొద్దు పొడుచువేళకే పోవలయును. బిర్లా తారామండలము వడగాడ్పుల మధ్యాహ్నమునకు దాచుకొనుము.

తినుబండారములు ఇంటినుండియే కదలవలయును. పులిహోర, దద్దోజనము ఒక డబ్బాలో, ఉప్పు నిమ్మరసము వేసిన పలుచని మజ్జిగ ఒక స్టీలు సీసాలో నున్నచో చాలును. మెట్రోలో తినరాదు గనుక, తోటలో చెట్టునీడను ఎంచుకొనుము. ఏమియు కొనిపెట్టరాదని నా యుద్దేశము కాదు. రోడ్డుప్రక్క తాటిముంజలు ఒలిపించి యిమ్ము. ఏడాదిలో అవి దొరకునవి ఆ కొలదినాళ్ళే, పిల్లలు వాటిని ఎరుగకుండ పెరుగుట అన్యాయము.

ఇంకొక ముచ్చట. ఒక్కొక్క విహారమునకు ఇంత సొమ్మని ముందే నిర్ణయించి, ఆ పర్సును పదేండ్లదైన అమ్మాయి చేతికిచ్చి, లెక్క వ్రాయుమనుము. తల్లి "వద్దు" అన్నప్పుడు ఏడ్చు పిల్లలు, తమ చేతిలోని సొమ్ము తరుగుచుండగా తామే "వద్దు" అనుకొందురు. మిగిలినదానిని అదే సంచిలో నుంచినచో, సెలవుల తుదకు ఒక పుస్తకమునకో, వారు కోరిన ఆ వినోదోద్యానమునకో కొంత సమకూడును. దానిని నేను నిషేధింపను. అప్పుచేసి పోవుటనే నిషేధించెదను. మాలులలోని ఆటలు మాత్రము నా దృష్టిలో విహారములు కావు. అచ్చట పిల్లలు చూచునది తెర, తల్లి చూచునది కార్డు నిలువ.

అల్లుడు సెలవు దొరకలేదని వెనుకాడినచో, అతనికై ఆగకుము. పొరుగింటి తల్లిని, ఆమె పిల్లలను వెంటబెట్టుకొని పొమ్ము. నలుగురు పిల్లలున్నచోట కనిపెట్టుటకు నాలుగు కన్నులుండుట మేలు. సాలార్జంగు ప్రదర్శనశాలకు శుక్రవారము, జంతుప్రదర్శనశాలకు సోమవారము సెలవు. ఈ రెండును గోడమీది క్యాలెండరులో గుర్తువేసికొని, రాబోవు శనివారముననే మొదటి విహారమునకు బయలుదేరి, మనుమరాలిచేత లెక్కపత్రమును నాకు వ్రాయింపుము.

ఇట్లు,
ఆశీస్సులతో
నీ పెదనాన్న