మనసు చికిత్సకు ఏ డిగ్రీ చదవాలి?

మన కేసముద్రం పిల్లలు ఇంటర్ అయ్యాక మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. మందులు రాసే సైకియాట్రిస్టు కావాలంటే ఎంబీబీఎస్, ఆపై ఎండీ చదవాలి. మాటలతో, మానసిక పరీక్షలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావడానికి ఆర్ట్స్ విద్యార్థులకూ దారి ఉంది. దోస్త్‌లో సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న బీఏ ఎంచుకోవాలి. దానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. డిగ్రీ 3 ఏళ్లు, సైకాలజీలో పీజీ 2 ఏళ్లు. అక్కడితో ఆగితే చాలదు. 1992 చట్టం ప్రకారం, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన శిక్షణ పూర్తిచేసి, దాని రిజిస్టరులో పేరు నమోదైతేనే ఈ వృత్తి చేయవచ్చు. కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సుతో ఆ అర్హత రాదు. శిక్షణకు ఫీజు కట్టేముందు ఆ సంస్థ మండలి జాబితాలో ఉందో లేదో చూసుకోండి. తల్లిదండ్రులారా, ఇది ఏళ్లు పట్టే చదువు. మన బిడ్డలను, ముఖ్యంగా ఆడపిల్లలను, డిగ్రీతోనే ఆపకండి.