ఈనమ్ అవునా, కాదా? : రిఫ్లెక్షన్‌పై ఒక పాఠము

భాషను గూర్చి భాషతోడనే విచారించు శాస్త్రము వ్యాకరణము. ‘కోదాడ’ అనునది ఊరి పేరు. ‘కోదాడ యనునది నామవాచకము’ అన్నచో మనము పదముయొక్క జాతిని చెప్పుచున్నాము. కంప్యూటరు ప్రోగ్రామునకును ఇట్టి శక్తి కలదు. నడచుచున్న సమయముననే తనలోని అంశముల జాతిని తానే విచారించుకొను ఆ శక్తిని రిఫ్లెక్షన్ అందురు. అందు ఒక ప్రశ్ననే ఇచట గ్రహింతము: ఇచ్చిన టైపు ఈనమ్ అవునా, కాదా?

ఈనమ్ అనగా ముందే నిర్ణయించిన పేర్ల పట్టిక. తెలుగున సోమవారము ఉర్దూలో పీర్, శుక్రవారము జుమా. పేర్లు వేరైనను దినములు ఏడే. డాట్‌నెట్‌లో ‘డేఆఫ్‌వీక్’ అను ఈనమ్ ఆదివారమును 0గా నెంచి ఈ ఏడింటిని చెప్పును. జావా భాషలో ఈనమ్ 2004లో ప్రవేశించినది.

విద్యార్థులారా, ఒక దరఖాస్తును ఊహింపుడు. ‘పట్టణము’ అను ఈనమ్‌లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పేర్లున్నవి. దరఖాస్తును తెరపై చూపు ప్రోగ్రాము ప్రతి గడి టైపును ‘ఈజ్‌ఈనమ్’ అని ప్రశ్నించును. సి షార్ప్‌లో నిది టైపుయొక్క ప్రాపర్టీ, జావాలో క్లాసుయొక్క మెథడ్. అవునన్నచో మూడు పేర్ల జాబితాను చూపును. కాదన్నచో ఖాళీ గడి నిచ్చును.

పట్టణమును నింపకున్నను సరియే యని నియమము మార్చితిమనుకొందము. సి షార్ప్‌లో టైపు చివర ప్రశ్నార్థకము చేర్చి దానిని నల్లబుల్ చేయుదురు. అంతట ‘ఈజ్‌ఈనమ్’ కాదని పలుకును! ప్రోగ్రాము ఆగదు, దోషమును తెలుపదు. జాబితాకు మారు ఖాళీ గడి వచ్చును. ఒకరు ‘కోదాడ’ అనియు, వేరొకరు ‘కోదాడు’ అనియు వ్రాయుదురు. ఊరివారీగా విద్యార్థివేతనముల పట్టిక తీయునాడు రెండవవారి పేరు కానరాదు.

కారణము సులభము. మన మడిగినది పైతొడుగును; ఈనమ్ లోపల నున్నది. ‘కోదాడలో’ అను రూపమున విభక్తిని తొలగించి ప్రాతిపదికమును చూచినట్లు, ‘నల్లబుల్’ క్లాసులోని ‘గెట్‌అండర్‌లయింగ్‌టైప్’ చేత లోపలి టైపును గ్రహించి, పిదప ప్రశ్నింపవలెను. అది నల్ అని యిచ్చినచో తొడుగు లేదని యర్థము. మొదటి టైపునే ప్రశ్నింపవలెను.

జావాలోను ఇట్టి చిక్కొకటి కలదు. ఈనమ్‌లోని ఒక పేరునకు ప్రత్యేకముగా బాడీ వ్రాసినచో, ఆ పేరు ఒక ఉపక్లాసునకు చెందును. ‘గెట్‌క్లాస్’ ద్వారా పొందిన ఆ ఉపక్లాసును ప్రశ్నించిన కాదనును. ‘గెట్‌డిక్లేరింగ్‌క్లాస్’ ద్వారా పొందిన క్లాసును ప్రశ్నించిన అవునను సమాధానము లభించును.

ఇంకొక మాట. టైపు ఈనమ్ అయినంతమాత్రమున అందలి విలువ సరియైనదని చెప్పరాదు. మూడు పేర్ల ఈనమ్‌లోనికి సి షార్ప్ 9 అను సంఖ్యనైనను మార్చి యుంచనిచ్చును. దానిని ‘ఈజ్‌డిఫైన్డ్’ చేత పరీక్షింపవలెను. పట్టికయు కాలానుసారము మారును. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడు పట్టణములును నల్లగొండ జిల్లాలోనివే. ఆనాడు సూర్యాపేట, కోదాడలు క్రొత్తగా నేర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. అంతకు పూర్వము వ్రాసిన జిల్లాల ఈనమ్‌ను ప్రశ్నించిన నేటికిని ఈనమ్ అవుననియే చెప్పును, కాని అందు సూర్యాపేట యుండదు. ఆ పేరును చేర్చుట ప్రోగ్రాము వ్రాయువారి బాధ్యత.