టూర్‌లో తొలిరోజు: ఆశ తగ్గించండి, సర్దుబాటు పెంచండి

ఏళ్ల తరబడి ఎదురుచూసిన విదేశీ టూర్‌లో అన్నిటికన్నా కష్టమైన రోజు మొదటిదే. రాత్రి నిద్ర ఉండదు. దిగగానే గది దొరకదు. పక్క సీటాయన పేరు తెలియదు. మనమేమో కట్టిన డబ్బంతా ఆ రోజే రాబట్టుకోవాలన్నంత ఆశతో విమానం దిగుతాం. సాయంత్రానికి ముఖాలు మాడిపోతాయి. తొలిరోజు పుట్టిన చిరాకు ఆఖరిరోజు దాకా వెంట వస్తుంది.

కాబట్టి ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. తొలిరోజు చూడాల్సినవి ఎన్ని ఉన్నా, చేయాల్సిన పని ఒక్కటే: గుంపులో కుదురుకోవడం. అది బాగా చేసినవాళ్లకు మిగతా రోజులు హాయిగా గడుస్తాయి.

ఆగినకొద్దీ పెరిగే ఆశ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇలాంటి టూర్ అనుకోగానే తెమిలేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తోటల్ని నేలకూల్చింది. కొబ్బరి, జీడి రాబడి మీద వేసుకున్న ప్లాన్లు తోటలతోపాటే పడిపోయాయి. తేరుకుంటుండగానే 2020లో కరోనా. ఆ తర్వాత అమ్మాయి పెళ్లో, మేడమీద స్లాబో. చివరికి దారి తెరుచుకుంది. 2023 డిసెంబరు 1 నుంచి మలేసియా మనవాళ్లను 30 రోజుల వరకు వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టింది. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం వచ్చింది. పలాసలో రైలెక్కినవాళ్లు హైదరాబాదో చెన్నయో చుట్టిరాకుండా విశాఖలోనే విమానం ఎక్కే వీలు కలిగింది.

ఇంతకాలం ఆగాక ఆశ పెరగడం సహజం. దాన్ని చంపుకోనక్కర్లేదు, ఒక చోట కుదురుగా కూర్చోబెట్టండి. తప్పకుండా చూడాలనుకున్నది ఒక్కటి ఎంచుకోండి. పెట్రోనాస్ జంట భవనాలు కావచ్చు, లంకావీ సముద్రం కావచ్చు. అది ప్రోగ్రాంలో ఏ రోజు ఉందో చూసుకోండి. మిగతాదంతా లాభం కింద రాసుకోండి.

గది ఎన్నింటికి? ఇంటి దగ్గరే అడగండి

రాత్రి విమానమైతే తెల్లవారకుండానే దింపేస్తుంది. మలేసియా గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు, అంటే నిద్రలో మరో కోత. హోటళ్లు గదులిచ్చేది మామూలుగా మధ్యాహ్నం రెండు మూడు గంటలకి. ఈలోపు ఏదో ఒకటి చూపించాలి గనక టూర్‌వాళ్లు బస్సును బటు కేవ్స్ గుహాలయానికి తిప్పుతారు. 140 అడుగుల మురుగన్ విగ్రహం, పక్కనే పైకి 272 మెట్లు. గొణుగుడు అక్కడే మొదలవుతుంది.

"ఏటండీ ఇది? మొకం కడుక్కోకుండా గుడికేటి?"

"రూమిచ్చీమనండి మేస్టారూ, పడుకుంటాం. డబ్బులు కట్టలేదేటి?"

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది, ఉపయోగమే లేదు. గది ఎన్నింటికి ఇస్తారు, స్నానం ఎక్కడ, బట్టలు ఎక్కడ మార్చుకోవాలి అన్న మూడు ప్రశ్నలూ డబ్బు కట్టేటప్పుడే అడగాలి. బ్రష్షు, తువ్వాలు, ఒక జత బట్టలు చేతి సంచిలో పెట్టుకుంటే సగం చిరాకు అక్కడే తీరిపోతుంది. మోకాళ్లు సహకరించకపోతే కిందనుంచే దండం పెట్టుకోండి. ఎక్కేవాళ్ల సంచులకు కాపలా కాయండి. ఇద్దరికీ పుణ్యమే.

పలాస జీడి పరిశ్రమలో ఆవిరి పట్టిన పిక్కను వెంటనే కోతకు పెట్టరు, ఆరబెడతారు. తొందరపడితే గుండుగా రావలసిన పప్పు బద్దలైపోయి రేటు పడిపోతుంది. ప్రయాణపు వేడిమీదున్న మనిషీ అంతే. పెద్ద షాపింగ్, పెద్ద నిర్ణయం, పెద్ద తగువు... మూడూ రెండోరోజుకు వాయిదా వేయండి.

సంచిలో ఏముందో మీకు తెలియాలి

ఉద్దానం మనిషి చేతులూపుకుంటూ ప్రయాణం కట్టడు. పప్పో, పచ్చడో, కొబ్బరో సర్దాల్సిందే. జీడిపప్పుతో పేచీ లేదు. కురిడీ కొబ్బరి మాత్రం ఇంట్లోనే ఉంచేయండి. నూనె ఎక్కువ, మంట అంటుకునే సరుకని విమానంలో వద్దంటారు. ఆవకాయ సీసా చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలను, ముద్దగా ఉండేవాటిని కేబిన్‌లోకి రానివ్వరు. మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి. పవర్‌బ్యాంకు సంగతి దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి. ఒక్కరి సంచి తెరిపిస్తే గుంపంతా నిలబడాలి. మలేసియా అడిగే డిజిటల్ అరైవల్ కార్డు కూడా అంతే. దిగేముందు మూడు రోజుల్లోపు ఉచితంగా నింపేయొచ్చు. క్యూలో నిలబడి ఫోన్ వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి.

మందుల విషయంలో మన ప్రాంతంవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించాల్సి వచ్చిందంటే ఉద్దానంలో కిడ్నీ జబ్బు తీవ్రత చెప్పనక్కర్లేదు. కాళ్లు పీకుతున్నాయని పక్కాయన ఇచ్చిన నొప్పిబిళ్ల వేసుకోకండి. వాటిలో చాలావాటివల్ల కిడ్నీలకు చేటు. ఏది వేసుకోవచ్చో, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. బాత్రూం దొరకదేమోనని నీళ్లు మానేయడం, ముఖ్యంగా ఆడవాళ్లకు, అలవాటైన పొరపాటు. బస్సు ఆపమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

సరదాకు సంకోచమెందుకు?

ఈ తీరానికి సముద్రం దాటడం కొత్త కాదు. బారువ, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లినవాళ్లున్నారు. ముందు మేస్త్రీ, వెనక గుంపు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీర్చేదాకా చాకిరీ. మలయా తోటలకూ శ్రీకాకుళం, విశాఖ పల్లెలనుంచి చాలామంది వెళ్లారు. ఈనాటి మలేసియా తెలుగువాళ్లలో ఎందరో వాళ్ల సంతానమే. 1955లో మొదలైన తెలుగు సంఘం ఇప్పటికీ అక్కడ ఉంది. ఇప్పుడు మన కుర్రాళ్లు వెల్డర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కు వెళ్తున్నారు.

తరతరాలుగా విదేశం అంటే మనకు కష్టం, సంపాదన. అందుకే సరదాకి బయల్దేరామంటే లోపల ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది. ఆ సంకోచమే తొలిరోజు ప్రతి రింగిట్‌నూ రూపాయల్లోకి మార్చేస్తుంది. "కాఫీకి ఇంతా? ఈ డబ్బుతో టెక్కలిలో ఇంటిల్లిపాదికీ టిఫిన్ వస్తాది" అని ఒకరు పైకి అన్నారంటే బల్లమీద పదిమంది కాఫీ చేదెక్కుతుంది.

దీనికి మందు తేలిక. పైఖర్చు ఎంతో ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఆ మొత్తాన్ని విడిగా ఒక కవరులో పెట్టండి. కవరులో ఉన్నంతవరకు లెక్క కట్టకండి, అది అయిపోతే ఖర్చు పెట్టకండి. ఎవరైనా అక్కడివాళ్లు తెలుగులో పలకరిస్తే మాత్రం "మీ తాతగారిది ఏ ఊరండీ?" అని అడగండి. ఆ సంభాషణకు టికెట్టు లేదు.

గుంపు మర్యాదలు నాలుగు

ఒకటి, టైము. ముప్పై మంది బస్సులో ఒకరు పది నిమిషాలు ఆలస్యమైతే గుంపు మొత్తంమీద పోయింది ఐదు గంటలు. చెప్పినదానికి ఐదు నిమిషాలు ముందుండండి.

రెండు, సీటు. ముందు సీట్లు రోజుకొకరు మార్చుకుందామని తొలిరోజే ప్రతిపాదించండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు, వాంతులయ్యేవాళ్లకు మినహాయింపు ఇవ్వండి.

మూడు, ఫిర్యాదు. సాంబారు లేదనో, ఏసీ ఎక్కువైందనో అనిపిస్తే టూర్ మేనేజరుకు చెప్పండి. విడిగా, ఒక్కసారే, మీకు ఏం కావాలో కూడా కలిపి చెప్పండి. బస్సంతా వినేలా అన్న మాటకు పరిష్కారం దొరకదు, పార్టీలు మాత్రం పుడతాయి.

నాలుగు, పేర్లు. పడుకునేలోపు కనీసం ఐదుగురి పేర్లు, ఊళ్లు తెలుసుకోండి. ఒంటరిగా వచ్చిన పిన్నిగారో మాస్టారో ఉంటే భోజనాల దగ్గర మీ బల్లకు పిలవండి. రేపు మీకు జ్వరం వస్తే టాబ్లెట్ తెచ్చిచ్చేది వాళ్లే కావచ్చు.

అరగంట మీది

ఇంత చెప్పాక ఒక సడలింపు. 1940లో పలాసలో జరిగిన అఖిల భారత కిసాన్ సభ మహాసభకు అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ నాలుగుసార్లు టిబెట్ వెళ్లివచ్చిన సంచారి. ఆయన వెంట జెండా పట్టుకున్న గైడు లేడు. మనకు అంత తెగువ లేకపోయినా అరగంటకు సరిపడా ఉంటుంది. తొలిరోజు సాయంత్రం, కాస్త నడుం వాల్చాక, హోటల్ కార్డు జేబులో పెట్టుకుని, మేనేజరుకు చెప్పి, ఇద్దరుగా ఆ వీధి చివరిదాకా నడిచి రండి. ఒక దుకాణంలో ఏదైనా చిన్నది కొనండి. భాష రాకపోయినా పని జరుగుతుందని తెలిశాక ఊరంటే బెరుకు పోతుంది. బెరుకు తగ్గిన మనిషికి గుంపు మీద విసుగూ తగ్గుతుంది.

రెండోరోజు పొద్దున్న బస్సు దగ్గరకు ఐదు నిమిషాలు ముందే వెళ్లండి. నిన్న ముందు సీట్లో కూర్చున్నది మీరే అయితే ఎవరూ అడగకముందే వెనక్కి వెళ్లి కూర్చోండి. మీరు మొదలుపెడితే మిగతావాళ్లకు కాదనడం కష్టం.