రాతతో బతికిన ఆఫ్రా బెన్

మొన్న రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. "సంతకం వచ్చింది, ఉత్తరం రాయడం వచ్చింది. ఈ రాత కూడు పెడుతుందా టీచరమ్మా?" అని. ఆ అక్కకు చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లాండు దేశంలో 1640లో ఆఫ్రా అనే ఆడపిల్ల పుట్టింది. పెళ్ళయ్యాక ఆమె ఇంటిపేరు బెన్. కొద్ది కాలానికే ఒంటరిదయింది.

1666లో ఇంగ్లాండుకూ డచ్చి వాళ్ళకూ యుద్ధం జరుగుతోంది. సర్కారు ఆమెను ఆంట్వెర్ప్ అనే ఊరికి పంపింది. శత్రువుల గుట్టు కనిపెట్టి ఉత్తరాలు రాయాలి. ఆమె రాసింది. ఖర్చులకు డబ్బు పంపమనీ రాసింది. సర్కారు సరిగా పంపలేదు. అప్పు చేసి ఇల్లు చేరింది. అప్పు తీరలేదు. "నన్ను జైల్లో వేస్తారు, ఆదుకోండి" అని 1668లో రాజుకు అర్జీ పెట్టుకుంది.

తర్వాత నాటకాలు రాయడం మొదలుపెట్టింది. లండన్‌లో 18 ఏళ్ళు మూసి ఉంచిన నాటకశాలలు 1660లో మళ్ళీ తెరిచారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం అప్పుడే మొదలైంది. కొత్త నాటకాలు కావాలి.

మరి రాసినందుకు కూలి ఎట్లా ఇచ్చేవారు? మొదటి రోజు వసూలు నాటకశాలకే. రెండో రోజుదీ అంతే. మూడో రోజు వసూలులో ఖర్చులు పోగా మిగిలింది రాసినవాళ్ళకు. రెండో రోజే జనం రాకపోతే? చేతికి దమ్మిడీ రాదు. నెలల కష్టం నీళ్ళపాలు. మిరపకాయలు మార్కెట్‌కు తెచ్చి ధర కోసం చూసే రైతు గుండె ఎట్లా కొట్టుకుంటుందో మీకు తెలుసు కదా!

1670లో ఆమె మొదటి నాటకం వేశారు. 'బలవంతపు పెళ్ళి' అని దాని పేరుకు అర్థం. ఆరు రోజులు ఆడింది. అంటే మూడో రోజు దాటింది!

1677లో వేసిన 'ది రోవర్' బాగా పేరు తెచ్చింది. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకరిని డబ్బున్న ముసలివాడికి కట్టబెట్టాలని తండ్రి చూస్తాడు. ఇంకొకరిని సన్యాసినుల మఠంలో వేయాలంటారు. ఇద్దరూ ముసుగులు పెట్టుకుని జాతరలోకి పోతారు. ఈ నాటకం మొదట అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆమె పేరే లేదు.

ఆడది ఇట్లాంటి మాటలు రాయొచ్చా అని కొందరు తిట్టారు. మగవాడు రాస్తే తప్పు పట్టేవారా అని 1687లో అచ్చయిన నాటకం ముందుమాటలో ఆమె నిలదీసింది. నాకు ఆమెలో నచ్చింది ఇదే.

1682లో లండన్‌లోని రెండు నాటక కంపెనీలు ఒకటయ్యాయి. కొత్త నాటకాలకు గిరాకీ తగ్గింది. అప్పుడు కవితలు, అనువాదాలు, కథలు రాసి సంపాదించుకుంది. బానిసగా అమ్ముడుపోయిన ఆఫ్రికా రాకుమారుడి కథ 'ఒరునోకో' 1688లో వచ్చింది.

1689 ఏప్రిల్ 16న, 48 ఏళ్ళకే చనిపోయింది. రాజులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోనే ఆమెనూ పూడ్చారు. అయితే కవుల సమాధులున్న చోట కాదు, వరండాలో. నల్లరాతి పలక మీద ఆమె పేరు ఇప్పటికీ ఉంది.